ఒకే మందు, ఒకే మోతాదు అందరికీ సరిపోతుందా?

సూరత్ నగరానికి ఉత్తరాన, తపతి నదికి ఆవల, వడోదర వెళ్లే రైలు మార్గంలో కోసాడ్ అనే చిన్న స్టేషన్ ఉంది. పేదల కోసం సూరత్ నగరపాలక సంస్థ కట్టించిన పెద్ద గృహ సముదాయం ఈ ప్రాంతంలోనే ఉంది. వజ్రాల సానకు, మరమగ్గాలకు, చీరల వ్యాపారానికి పేరుపడిన సూరత్‌కు బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన వారిలో సౌరాష్ట్ర నుంచి వచ్చిన పటేళ్లున్నారు, ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చిన మగ్గం కార్మికులున్నారు. ఖాందేశ్ మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బీహార్ కూలీలు, తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలీ కుటుంబాలు కూడా ఉన్నాయి. నగరం దాటితే దక్షిణ గుజరాత్ గిరిజన గ్రామాలు మొదలవుతాయి.

ఇన్ని ప్రాంతాల వారు, ఇన్ని కులాల వారు జ్వరం వస్తే ఒకే ఆసుపత్రి ముందు వరుసలో నిలబడతారు. వారికి ఇచ్చే మాత్ర ఒకటే. మోతాదు కూడా బరువును, వయసును బట్టి అచ్చువేసిన ఒకే పట్టిక ప్రకారం నిర్ణయమవుతుంది. అయితే ఆ మాత్రను స్వీకరించే దేహాలు మాత్రం ఒకటి కావు. ఈ తేడాను పట్టించుకోకపోతే ప్రాణం నిలపవలసిన మందే ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలుంటాయని వైద్యశాస్త్రం ఆరు దశాబ్దాలకు పైగా హెచ్చరిస్తూనే ఉంది.

మలేరియా చికిత్స ఇందుకు సమీపంలోని ఉదాహరణ. వైవాక్స్ రకం మలేరియా సోకిన వారికి జాతీయ కార్యక్రమం కింద మూడు రోజులు క్లోరోక్విన్, పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. కాలేయంలో దాగి ఉండి నెలల తర్వాత తిరగబెట్టే క్రిములను చంపేది ప్రైమాక్వినే. జి6పిడి అనే ఎంజైము లోపించిన వారిలో మాత్రం ఈ మందు ఎర్ర రక్తకణాలను చితికిపోయేట్లు చేస్తుంది. మూత్రం నల్లబడటం, కామెర్లు, తీవ్రమైన రక్తహీనత దాని పర్యవసానాలు. ఈ లోపమే కారణమని అమెరికా శాస్త్రజ్ఞులు 1956లో నిర్ధారించారు. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉన్నట్లు అంచనా. సౌరాష్ట్ర నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన వాటలియా ప్రజాపతి అనే సామాజిక వర్గంలో ఈ లోపం చాలా ఎక్కువగా ఉన్నట్లు సూరత్ రక్తనిధి పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో తెలియజేశారు.

అంటే ఒకే వీధిలో నివసించే ఇద్దరు రోగులలో ఒకరికి మేలుచేసే మాత్ర మరొకరికి ప్రమాదకరం కావచ్చు. వంశపారంపర్యంగా వచ్చే ఇటువంటి తేడాలను, మందులు పనిచేసే తీరును కలిపి పరిశీలించే శాస్త్రానికి జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ వోగెల్ 1959లో ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టారు. మనం ఔషధ జన్యుశాస్త్రం అనవచ్చు. దాని ఆధారంగా మనిషిని బట్టి మందును, మోతాదును నిర్ణయించే పద్ధతే నేడు పర్సనలైజ్డ్ మెడిసిన్ పేరిట ప్రచారంలో ఉంది.

ఈ శాస్త్రాన్ని ప్రయోగశాల నుంచి రోగి మంచం దగ్గరకు తెచ్చిన వారిలో ప్రముఖుడు ఒక ఫార్మసిస్టు కావడం విశేషం. ఆయన పేరు విలియం ఎవాన్స్. ఆయన పరిశోధనకు తొలి ఆధారమైన మందు ఒక తెలుగువాడు నడిపిన ప్రయోగశాల నుంచి వచ్చినదే కావడం మరో విశేషం.

భీమవరం నుంచి పెర్ల్ రివర్‌కు

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1920 దశకం ఆరంభంలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చేరుకున్నారు. అక్కడ జీవరసాయన శాస్త్రంలో పేరు తెచ్చుకున్నప్పటికీ స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు తరలివెళ్లి అక్కడి పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు.

ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయడంలో ఆయన బృందం 1945లో విజయం సాధించింది. రక్తకణాలు పెరగడానికి ఈ విటమిన్ అవసరం. దానిని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే పదార్థాలను తయారు చేస్తే అదుపు తప్పి పెరిగే రక్తకణాలను నిలువరించవచ్చునన్న ఆలోచన నుంచి అమినోప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్ రూపొందాయి. బోస్టన్‌కు చెందిన డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది పిల్లలకు ఇవ్వగా, వారిలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం లభించింది. ఈ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు 53వ ఏట మరణించారు.

రక్త క్యాన్సర్‌ను మందుతో వెనక్కు నెట్టవచ్చునని ఆ ప్రయోగం రుజువు చేసింది. ఎవరికి ఎంత మందు ఇవ్వాలన్న విషయం మాత్రం తేలలేదు. క్యాన్సర్ మందుల విషయంలో ఇది చిన్న ప్రశ్న కాదు. తక్కువైతే రోగం తిరగబెడుతుంది, ఎక్కువైతే మందే విషమవుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందు చాలా ఇరుకైనది.

ఫార్మసిస్టు వేసిన ప్రశ్న

అమెరికాలోని మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రి 1962లో ప్రారంభమైంది. ఆనాటికి పిల్లలకు వచ్చే తీవ్ర లింఫాటిక్ రక్త క్యాన్సర్ నుంచి బతికి బయటపడేవారు నూటికి నలుగురు మాత్రమే. టెన్నెసీ విశ్వవిద్యాలయంలో ఔషధ విద్య అభ్యసించిన ఎవాన్స్ 1970 దశకంలో ఈ ఆసుపత్రిలో అడుగుపెట్టారు. ఆయన పట్టా ఫార్మ్.డి., అంటే ఔషధశాస్త్రంలో డాక్టరు పట్టా. రోగాన్ని నిర్ణయించడం ఆయన పని కాదు. వైద్యుడు రాసిన మందు రోగి శరీరంలోకి వెళ్లాక ఏమవుతున్నదో గమనించడమే ఆయన చేపట్టిన పని.

ఆ రోజుల్లో క్యాన్సర్ మందుల మోతాదును శరీర వైశాల్యాన్ని బట్టి లెక్కగట్టేవారు. ఎత్తు, బరువు సమానంగా ఉన్న ఇద్దరు పిల్లలకు సమానమైన మోతాదు లభించేది. ఎవాన్స్ బృందం మెథోట్రెక్సేట్ ఎక్కించిన తర్వాత పిల్లల రక్తాన్ని పరీక్షించి, అందులో మందు మట్టాన్ని కొలిచింది. సమానమైన మోతాదు ఇచ్చినా మట్టాలు సమానంగా లేవు. కొందరి శరీరాలు మందును త్వరగా విసర్జిస్తున్నాయి. అటువంటి పిల్లల్లో మందు మట్టం తక్కువగా ఉండటమే కాక, వ్యాధి తిరగబెట్టే ప్రమాదం కూడా ఎక్కువని 1986లో ప్రచురించిన అధ్యయనంలో ఈ బృందం చూపించింది.

లోపం మందులో కాక మోతాదులో ఉందన్న అనుమానం అలా బలపడింది. అయితే అనుమానం చికిత్సా విధానం కాజాలదు. దానిని నిరూపించడానికి 182 మంది పిల్లలను చీట్లు తీసిన చందంగా రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి మామూలు పద్ధతిలో శరీర వైశాల్యం ప్రకారం మందులిచ్చారు. రెండవ వర్గంలో ఒక్కొక్క బిడ్డ శరీరం మందును ఎంత వేగంగా విసర్జిస్తున్నదో కొలిచి, దానికి అనుగుణంగా మోతాదు సరిచేశారు. 1998లో వెలువడిన ఫలితాల ప్రకారం, బి రకం కణాల రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో ఐదేళ్ల తర్వాత కూడా వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి వర్గంలో నూటికి 66 మంది కాగా, రెండవ వర్గంలో 76 మంది. టి రకం కణాల క్యాన్సర్ ఉన్నవారిలో మాత్రం ఇటువంటి తేడా కనిపించలేదు.

కొత్త మందు కనిపెట్టనవసరం లేకుండానే, ఉన్న మందులను కొలిచి వాడటం ద్వారా నూరుమంది పిల్లల్లో మరో పది మందిని వ్యాధి బారి నుంచి తప్పించవచ్చునని ఈ ప్రయోగం నిరూపించింది. ఫార్మసిస్టు వృత్తికి ఇంతకు మించిన సార్థకత లేదు.

పదో వంతు చాలు

రక్త క్యాన్సర్ పిల్లలకు ఏళ్ల తరబడి ఇచ్చే మరో మందు మెర్కాప్టోప్యూరిన్. దీనిని గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ రూపొందించారు. వారికి 1988లో నోబెల్ బహుమతి లభించింది. ఈ మందును శరీరంలో నిర్వీర్యం చేసే ఎంజైములలో ఒకటి టిపిఎంటి. దీని శక్తి అందరిలో ఒకేలా ఉండదని మేయో క్లినిక్‌కు చెందిన రిచర్డ్ వైన్‌షిల్‌బామ్ 1980లో గుర్తించారు. ఆయన పరీక్షించిన శ్వేతజాతీయులలో పదింట ఒకరికి ఇది సగంగా ఉండగా, సుమారు 300 మందిలో ఒకరికి దాదాపు లేనే లేదు.

ఎంజైము లేని బిడ్డకు అందరితోపాటు పూర్తి మోతాదు ఇస్తే మందు విరగకుండా కణాలలో పేరుకుపోయి మూలుగను దెబ్బతీస్తుంది. తెల్ల రక్తకణాలు పడిపోయి, సామాన్యమైన అంటురోగం కూడా ప్రాణాంతకమవుతుంది. అటువంటి ఒక బిడ్డ ఉదంతాన్ని ఎవాన్స్ బృందం 1991లో వైద్య పత్రికలో వివరించింది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలలోనే ఈ లోపానికి కారణమైన జన్యు మార్పులను అదే ప్రయోగశాల పట్టుకున్నది. లోపం ఉన్న పిల్లలకు మామూలు మోతాదులో పదో వంతు, లేదా అంతకు తక్కువ సరిపోతుంది. ఆ పదో వంతుతోనే వారికి చికిత్స కొనసాగించవచ్చు.

ఎవాన్స్ సహచరి మేరీ రెలింగ్ కూడా ఫార్మసిస్టే. సెయింట్ జూడ్ ఔషధ విభాగానికి అధిపతిగా పనిచేసిన ఆమె, జన్యు పరీక్ష ఫలితం వైద్యుడి చేతికి వస్తే మోతాదు ఎంత మార్చాలన్న విషయంపై దృష్టి సారించారు. ఈ సూచనలను తయారు చేసేందుకు 2009లో ఒక అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల కూటమి ఏర్పాటైంది. సిపిఐసి పేరిట పిలిచే ఈ కూటమి 2011లో వెలువరించిన తొలి సూచనల పట్టిక టిపిఎంటి గురించినదే. అదే సంవత్సరం సెయింట్ జూడ్‌లో, మందు రాసే అవసరం రాకముందే పిల్లల జన్యువులను పరీక్షించి ఫలితాలను రికార్డులో ఉంచే పద్ధతి ప్రారంభమైంది. వైద్యుడు పొరపాటున సరిపడని మందు రాస్తే కంప్యూటర్ హెచ్చరిస్తుంది.

ఎవాన్స్ 2004 నుంచి 2014 వరకు ఆ ఆసుపత్రికే అధిపతిగా వ్యవహరించారు. ఆసుపత్రి ప్రారంభమైనప్పుడు నూటికి నలుగురికి మాత్రమే నయమైన వ్యాధి ఇప్పుడు అక్కడ నూటికి 90 మందికి పైగా నయమవుతోంది. ఇందుకు అనేకమంది కృషి కారణం. మోతాదును కొలిచి ఇవ్వడం ఆ కారణాలలో ఒకటి.

హైదరాబాద్‌లో తేలిన లెక్క

ఇంతవరకు చెప్పినది అమెరికా కథ. అక్కడ తయారైన పట్టికను తెచ్చి మన ఆసుపత్రులలో గోడకు తగిలిస్తే సరిపోతుందా అన్నది అసలు ప్రశ్న. సరిపోదని అనుభవం చెబుతోంది.

మెర్కాప్టోప్యూరిన్‌కు, దాని సంబంధీకమైన అజథయోప్రిన్‌కు తట్టుకోలేని రోగులు ఆసియా దేశాలలోనూ ఉన్నారు. అయితే వారిలో చాలామందికి టిపిఎంటి సక్రమంగానే ఉన్నట్లు పరీక్షలు చెప్పేవి. ఈ చిక్కుముడి 2014లో వీడింది. కొరియా శాస్త్రజ్ఞులు పేగు వాపు వ్యాధి రోగులను పరీక్షించి, ఎన్‌యుడిటి15 అనే మరో జన్యువులోని మార్పు ఇందుకు కారణమని కనుగొన్నారు. మరుసటి సంవత్సరం సెయింట్ జూడ్ బృందం రక్త క్యాన్సర్ పిల్లలలో ఇదే విషయాన్ని నిర్ధారించింది. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా ఈ మార్పు సంక్రమించిన పిల్లలు నిర్ణీత మోతాదులో సగటున నూటికి ఎనిమిది వంతులు మాత్రమే తట్టుకోగలిగారు. ఐరోపా సంతతిలో అరుదైన ఈ మార్పు తూర్పు ఆసియాలోను, దక్షిణాసియాలోను ఎక్కువగా కనిపిస్తుంది.

హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ రూపా బెనర్జీ బృందం పేగు వాపు వ్యాధితో బాధపడుతున్న 1,014 మంది భారతీయ రోగులను పరిశీలించింది. అజథయోప్రిన్ వల్ల తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడంలో టిపిఎంటి పరీక్ష కంటే ఎన్‌యుడిటి15 పరీక్షే మనవారికి ఎక్కువగా ఉపకరిస్తుందని ఈ బృందం 2020లో ప్రకటించింది. అంతర్జాతీయ కూటమి కూడా 2018లో తన పట్టికను సవరించి, కొత్త జన్యువును అందులో చేర్చింది.

దీని అర్థం సుస్పష్టం. తొలి పట్టిక తప్పు కాదు, అసంపూర్ణం. అది ఏ ప్రజల రక్తాన్ని పరీక్షించి తయారైందో ఆ ప్రజలకు సరిపోయింది. మన రక్తాన్ని మనం పరీక్షించుకోకపోతే మనకు సంబంధించిన గడి ఖాళీగానే ఉండిపోతుంది. ఆ ఖాళీకి మూల్యం చెల్లించేది మన రోగులే.

శస్త్రచికిత్స బల్లమీద తెలిసిన రహస్యం

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన తెలుగునాటనే ఉంది. శస్త్రచికిత్స సమయంలో కండరాలు సడలడానికి మత్తు వైద్యులు సక్సినైల్ కోలిన్ అనే మందు వాడతారు. అత్యవసర పరిస్థితులలో గొంతులోకి శ్వాసనాళికను త్వరగా అమర్చడానికి ఇది అనువైనది. దాని ప్రభావం కొద్ది నిమిషాలలో తొలగిపోతుంది. రక్తంలో ఉండే బ్యూటిరైల్ కోలినెస్టరేస్ అనే ఎంజైము దానిని విరగగొట్టడమే ఇందుకు కారణం. ఆ ఎంజైము లోపించిన వారికి శస్త్రచికిత్స ముగిసినా కండరాలు కదలవు, ఊపిరి తిరిగి రాదు. గంటల తరబడి కృత్రిమ శ్వాస మీద ఉంచవలసి వస్తుంది. ఆ ఏర్పాటు ఉంటే రోగి క్షేమంగా కోలుకుంటాడు, లేని చోట ప్రాణాపాయమే.

ఈ లోపం వంశపారంపర్యమని కెనడాలోని టొరంటోలో పనిచేసిన వెర్నర్ కలోవ్ 1950 దశకంలోనే తేల్చారు. దానిని గుర్తించడానికి ఆయన రూపొందించిన రక్త పరీక్ష నేటికీ వాడుకలో ఉంది. మన దేశంలో వైశ్య సామాజిక వర్గానికి చెందిన కొందరు రోగులకు మత్తు త్వరగా తేరుకోవడం లేదన్న విషయం మత్తు వైద్యుల అనుభవంలో ఉన్నదే. దీనికి మూలమైన జన్యు మార్పును కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2006లో వెల్లడించారు.

ఒకే వర్గంలో ఇది ఎందుకు కేంద్రీకృతమైందన్న ప్రశ్నకు హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, అంటే సిసిఎంబి, సమాధానం చెప్పింది. సిసిఎంబి శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, భారతదేశంలోని పలు వర్గాలు కొద్దిమంది పూర్వికుల నుంచి విస్తరించి, తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకున్నట్లు జన్యు ఆధారాలతో తేలింది. 2017లో వెలువడిన మరింత విస్తృతమైన పరిశీలనలో 263 దక్షిణాసియా వర్గాలను పరీక్షించగా, వాటిలో 81 వర్గాలలో ఈ లక్షణం ఫిన్లాండ్ ప్రజలలో కంటే, ఐరోపా యూదులలో కంటే బలంగా ఉన్నట్లు వెల్లడైంది. వైశ్యులలో ఈ ఎంజైము లోపం ఇతరులలో కంటే సుమారు నూరు రెట్లు అధికమని అదే అధ్యయనం పేర్కొన్నది.

ఇది ఏ ఒక్క కులానికో సంబంధించిన లోపంగా భావించడం పొరపాటు. ప్రతి వర్గంలోనూ ఏదో ఒక జన్యు విశేషం ఉంటుంది. సూరత్‌లో ప్రజాపతులకు ప్రైమాక్విన్ విషయంలో, తెలుగు దేశంలో వైశ్యులకు మత్తుమందు విషయంలో జాగ్రత్త అవసరమని తెలిసింది, ఎవరో పరీక్షించారు కనుక. పరీక్షించని వర్గాల సంగతి తెలియదు కనుక వారికి ప్రమాదం లేదని అర్థం కాదు. అలాగే ఒక వర్గంలో పుట్టినంత మాత్రాన ప్రతివారికీ లోపం ఉంటుందనీ కాదు. కులం పేరు హెచ్చరిక మాత్రమే, నిర్ణయించవలసినది రక్త పరీక్ష.

ఖమ్మం, వడోదర నేర్పిన పాఠం

పరీక్షలు జరగాలంటే ప్రజలు ముందుకు రావాలి. ప్రజలు ముందుకు రావాలంటే నమ్మకం ఉండాలి. ఈ విషయంలో మన అనుభవం గర్వించదగినది కాదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పివి టీకాను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలోను, గుజరాత్‌లోని వడోదర జిల్లాలోను వేలాదిమంది బాలికలకు 2009లో వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో ఈ కార్యక్రమం సాగింది. కొందరు బాలికలు మరణించారన్న వార్తలపై ఆందోళన చెలరేగగా 2010 ఏప్రిల్‌లో దీనిని నిలిపివేశారు. మరణాలకు టీకా కారణమై ఉండకపోవచ్చునని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం అభిప్రాయపడింది. అయితే తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవడంలో అవకతవకలు జరిగాయని, ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికల పక్షాన వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని విచారణలో బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో సమర్పించిన నివేదికలో ఈ వైఖరిని తీవ్రంగా తప్పుపట్టింది.

అదే సంవత్సరం సుప్రీంకోర్టు జోక్యం తర్వాత ఔషధ ప్రయోగాలలో రోగి అంగీకారాన్ని దృశ్య శ్రవణ రూపంలో నమోదు చేయాలన్న నిబంధన వచ్చింది. 2019 మార్చిలో అమలులోకి వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు నష్టపరిహారాన్ని, నైతిక సంఘాల బాధ్యతను మరింత స్పష్టం చేశాయి. చట్టం బలపడటం మంచిదే. అయితే సంతకం పెట్టే తల్లికి తాను దేనికి సంతకం పెడుతున్నదో తన భాషలో వివరించే మనిషి లేకపోతే ఎన్ని నిబంధనలున్నా ఫలితం ఉండదు.

జన్యు సమాచారం విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. టీకా ప్రభావం ఒక్క మనిషికి పరిమితం. జన్యువు మాత్రం ఆ మనిషితోపాటు తోబుట్టువుల గురించి, పిల్లల గురించి, మొత్తం వర్గం గురించి కూడా సమాచారం ఇస్తుంది. అది పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర, బీమా దగ్గర దుర్వినియోగం కాకుండా కాపాడటం పరిశోధన చేసే వారి బాధ్యత.

ఖరీదైన వైద్యమేనా?

పర్సనలైజ్డ్ మెడిసిన్ అనగానే అది సంపన్నుల ఆసుపత్రులకు పరిమితమైన వ్యవహారమన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే మనిషిని బట్టి మోతాదు నిర్ణయించడానికి ప్రతిసారీ జన్యు పరీక్షే అవసరం కాదు. ఎవాన్స్ తొలి విజయం రక్తంలో మందు మట్టాన్ని కొలవడం ద్వారానే సాధ్యమైంది. జి6పిడి లోపాన్ని సాధారణ రక్త పరీక్షతో కనిపెట్టవచ్చు. కలోవ్ పరీక్షకు అరవై ఏళ్లు దాటాయి.

దక్షిణ గుజరాత్ గిరిజనులలో విస్తారంగా ఉన్న సికిల్ సెల్ రక్తహీనత కూడా ఇందుకు నిదర్శనం. ఈ వ్యాధికి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మాత్రను తక్కువ మోతాదుతో ప్రారంభించి, రక్తకణాల సంఖ్యను పరీక్షిస్తూ ఆ రోగి తట్టుకోగలిగినంత మేరకు క్రమంగా పెంచుతారు. జిల్లా ఆసుపత్రిలో జరగగల పని ఇది. ఏడు కోట్ల మందిని పరీక్షించే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఒకసారి రక్తం తీసినప్పుడే జి6పిడి వంటి లోపాలను కూడా చూసి, ఫలితాన్ని రోగి చేతిలోని కార్డు మీద రాసి ఇస్తే అది జీవితాంతం ఉపయోగపడుతుంది. జన్యువు మారదు కనుక పరీక్ష మళ్లీ మళ్లీ చేయించనవసరం లేదు.

ఈ పని చేయవలసిన మనుషులూ మనకు కొరవ లేరు. భారత ఫార్మసీ మండలి 2008లో మన దేశంలోనూ ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సును ప్రవేశపెట్టింది. ఎవాన్స్ చదివినది ఈ తరహా చదువే. తెలుగు రాష్ట్రాలలో అనేక కళాశాలలు ఈ కోర్సు నడుపుతున్నాయి. విద్యార్థులు ఆసుపత్రి వార్డులలో శిక్షణ పొంది బయటకు వస్తున్నారు. అయితే మోతాదును సరిచూసే నిపుణుడిగా ఫార్మసిస్టును వార్డులో నియమించే అలవాటు మన ఆసుపత్రులలో ఇంకా విస్తరించలేదు. చదువు వచ్చింది, దానికి తగిన కుర్చీ రాలేదు. మందు ఇచ్చే కిటికీ వెనుక మాత్రమే ఫార్మసిస్టును చూడటం మనకు అలవాటైపోయింది.

దేశీయ జన్యు సమాచారం కొరత కూడా క్రమంగా తీరుతోంది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2020లో చేపట్టిన జీనోమ్ ఇండియా పథకం కింద 83 వర్గాలకు చెందిన సుమారు పదివేల మంది జన్యుపటాలను సేకరించారు. ఈ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. 140 కోట్లు దాటిన దేశానికి పదివేలు ఆరంభం మాత్రమే. ఈ సమాచారం పరిశోధన పత్రాలలో ఆగిపోకుండా, ఏ వర్గంలో ఏ మందుకు జాగ్రత్త అవసరమో చెప్పే పట్టికగా మారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరకు చేరినప్పుడే దాని ప్రయోజనం నెరవేరుతుంది.

భీమవరం నుంచి వెళ్లిన శాస్త్రజ్ఞుడు మందు తయారీకి దారి చూపారు. మెంఫిస్‌లోని ఫార్మసిస్టు దానిని కొలిచి ఇవ్వడం నేర్పారు. హైదరాబాద్ శాస్త్రజ్ఞులు మన దేహాలకు వేరే కొలత అవసరమని చూపించారు. ఇక మిగిలినది ఆ కొలతను సామాన్యుడి మందుచీటీ మీదికి తీసుకురావడం. అది పరిశోధకుల చేతిలో లేదు, ఆసుపత్రులను నడిపే ప్రభుత్వాల చేతిలో ఉంది. అంతవరకు శస్త్రచికిత్సకు వెళ్లే ముందు తమ కుటుంబంలో ఎవరికైనా మత్తు తేరుకోవడం ఆలస్యమైందా, ఏ మందైనా వికటించిందా అన్న విషయాన్ని వైద్యుడికి చెప్పడం మరువకూడదు. దానికి ఖర్చు లేదు. అది ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.